పునీతుల పండుగలు తీసేశారా? క్యాలెండరు మీద తిరిగే అపోహలు, అసలు సంగతులు

"క్రిస్టోఫర్‌వారిని పునీతుల్లోంచి కొట్టేశారట." "జార్జివారి పండుగ రద్దట." "ఫిలోమీనమ్మ అసలు లేనే లేదట." యాభై ఏళ్లు దాటినా కతోలిక విచారణల్లో (పారిష్‌లలో) ఈ 'అట'లు ఆగలేదు. మూడు వేరు వేరు సంగతుల్ని కలిపి ఒకే ముద్దగా చూడడం వల్లే వీటిలో చాలావరకు పుట్టాయి. ముందు వాటిని విడదీస్తే తక్కినవి సులువు.

మొదటిది, ఒకరిని పునీతులుగా (సెయింట్లుగా) ప్రకటించడం. రెండోది, రోమను మార్టిరాలజీ. తిరుసభ (కతోలిక చర్చి) గుర్తించిన పునీతులనూ, వారికి ఒక మెట్టు కింద ఉండే ధన్యులనూ ఏ రోజుకారోజు రాసిపెట్టిన పెద్ద పుస్తకం ఇది. ఇప్పుడు వాడుకలో ఉన్నది 2001లో సవరించి 2004లో మళ్లీ వేసిన కూర్పు. ఇందులో వేల పేర్లున్నాయి. మూడోది సాధారణ రోమను క్యాలెండరు, అంటే రోమను ఆచారం పాటించే గుళ్లన్నిటికీ ఉమ్మడిగా వర్తించే రోజుల పట్టిక. ఏడాదికి ఉన్నవి 365 రోజులే కనుక పుస్తకంలోని అందరూ పట్టికలో పట్టరు. పెళ్లి శుభలేఖలో పేరు వేయనంత మాత్రాన మేనమామ బంధుత్వం తెగిపోదు కదా!

అపోహ: 1969లో పోపుగారు కొందరి పునీత పట్టం తీసేశారు.

తీయలేదు. ఆరవ పౌలు పోపుగారు 1969 ఫిబ్రవరి 14న ఇచ్చిన ఉత్తర్వుతో సవరించిన క్యాలెండరు వచ్చింది, 1970 జనవరి 1 నుంచి అమలైంది. దీనికి పునాది 1963 డిసెంబరు 4న రెండో వాటికన్ మహాసభ ఆమోదించిన దైవార్చన శాసనంలో, 111వ పేరాలో ఉంది: పునీతుల పండుగలు రక్షణ రహస్యాల (క్రీస్తు జననం, పునరుత్థానం లాంటివాటి) పండుగలను మించకూడదు, లోకమంతటికీ ప్రాముఖ్యం ఉన్నవారిని ఉమ్మడి పట్టికలో ఉంచి తక్కినవారిని ఆయా దేశాలకు, మేత్రాసనాలకు (ఒక్కో బిషపు పరిధికి), మఠ సభలకు వదిలేయాలి. 'వదిలేయడం' అంటే ఇక్కడ అప్పగించడమే. ఈ ఒక్క మాటను వార్తాపత్రికలు ఆనాడు 'తొలగింపు' అని రాశాయి. ఆ పేరే నిలిచిపోయింది.

క్రిస్టోఫర్‌వారి సంగతి చూడండి. క్యాలెండరుతోపాటు వచ్చిన వివరణలో చెప్పింది ఇంతే: ఆయన గాథ కల్పన, కానీ ఆయన మీద భక్తి చాలా పాతది, అయితే అది రోమను సంప్రదాయానికి చెందినది కాదు, అందుకే స్థానిక క్యాలెండర్లకు వదులుతున్నాం. ఆయన 'లేడు' అన్న మాట ఎక్కడా లేదు. మార్టిరాలజీలో జులై 25న ఆయన పేరు ఇప్పటికీ ఉంది. రోమను పట్టికలోకి ఆయన వచ్చింది కూడా పదహారో శతాబ్దంలో. జేబులో క్రిస్టోఫర్ పతకం, బండికి ఆయన బొమ్మ పెట్టుకునేవారు తీసేయాల్సిన పనేమీ లేదు.

ఆయనకు అసలు ఇబ్బంది వేరే ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. జులై 25 అపోస్తలుడైన యాకోబువారి పండుగ. అపోస్తలుని పండుగ ఉన్న రోజున మార్టిరాలజీలోని మరో పునీతుని పూజ (మాస్) ఎంచుకునే వీలు లేదు. అందుకే జర్మన్ ప్రాంతాల క్యాలెండరులో ఆయన్ని ఒక రోజు ముందుకు, జులై 24కి మార్చుకున్నారు. గుడి పేరే క్రిస్టోఫర్‌వారిది అయితే లెక్క తిరగబడుతుంది. ఆ గుడికి ఆయన రోజు మహోత్సవం (అన్నిటికన్నా పెద్ద స్థాయి), యాకోబువారే ఖాళీ ఉన్న దగ్గరి రోజుకు వెళ్తారు.

అపోహ: పట్టికలో లేని పునీతునికి పూజ చేయకూడదు.

చేయవచ్చు, రోజును బట్టి. సామాన్యకాలంలో, అంటే ప్రత్యేక కాలాలు కాని మామూలు రోజుల్లో, వారపు రోజున పట్టికలో మహోత్సవం, పండుగ, తప్పనిసరి స్మరణ (పెద్దది నుంచి చిన్నదాకా రోజు స్థాయిలివి) ఏదీ లేకపోతే, ఆ రోజు మార్టిరాలజీలో ఉన్న ఏ పునీతుని పూజనైనా గురువు (ఫాదరు) ఎంచుకోవచ్చు. పూజ పుస్తకపు సాధారణ సూచనల్లో 355వ అంశం దీనికి ఆధారం. ఆచరణలో వరుస ఇది. ముందు ఆ ఏటి ఆర్డో (రోజువారీ పూజల సూచిక పుస్తకం) తెరిచి రోజు స్థాయి చూడాలి. 'వారపు రోజు' అనో 'ఐచ్ఛిక స్మరణ' అనో ఉంటే దారి తెరిచి ఉన్నట్టే. తర్వాత మార్టిరాలజీలో అదే తేదీన పేరు ఉందో లేదో చూడాలి. ఉంటే, సొంత ప్రార్థనలు లేని పునీతునికి పూజ పుస్తకంలోని ఉమ్మడి భాగం నుంచి తీసుకోవాలి: హతసాక్షులవి (విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవారివి), కన్యలవి, కాపరులవి, ఇలా. హతసాక్షి అయితే ఎర్ర వస్త్రం, కాకపోతే తెల్లది. పఠనాలు మాత్రం మామూలుగా ఆ వారపు రోజువే. ప్రతి చిన్న స్మరణకూ పఠనాలు మారిస్తే వరుసగా చదివే గ్రంథభాగం తెగిపోతుంది. ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే.

బార్బరమ్మ (డిసెంబరు 4), ఉర్సులమ్మ (అక్టోబరు 21) 1969లో ఉమ్మడి పట్టిక దాటి వెళ్లినవారే. అక్టోబరు 21 ఆదివారం కాకపోతే సామాన్యకాలపు వారపు రోజే కనుక ఉర్సులమ్మకు ఈ దారి నేరుగా పనికొస్తుంది. బార్బరమ్మ రోజు ఆగమనకాలంలో, అంటే క్రిస్మస్‌కు ముందటి సిద్ధపాటు కాలంలో పడుతుంది. డిసెంబరు 17కి ముందు కాబట్టి వారపు రోజైతే అక్కడా వీలుంది.

అపోహ: ఒకసారి తీస్తే తీసినట్టే.

అలెగ్జాండ్రియా కతేరీనమ్మ నవంబరు 25న ఉండేది. 1969లో తీశారు, 2002 పూజ పుస్తకంలో ఐచ్ఛిక స్మరణగా తిరిగొచ్చింది. యేసు పరిశుద్ధ నామం (జనవరి 3), మరియమాత పరిశుద్ధ నామం (సెప్టెంబరు 12) కూడా అప్పుడే తిరిగొచ్చాయి. ఇది రెండో వాటికన్ మహాసభ తర్వాత పుట్టిన అలవాటేమీ కాదు. ట్రెంట్ మహాసభ తర్వాత ఐదవ భక్తినాథ పోపుగారు 1568లో పట్టికను బాగా కుదించారు. అప్పుడు పోయిన అన్నమ్మగారి పండుగను 1584లో పదమూడవ గ్రెగోరీవారు, దేవాలయంలో మరియమాత సమర్పణ పండుగను 1585లో ఐదవ సిక్స్టస్‌వారు తిరిగి పెట్టారు. పట్టిక నిండడం, ఖాళీ చేయడం, మళ్లీ నిండడం నాలుగు శతాబ్దాలుగా నడుస్తూనే ఉంది. 2025 ఫిబ్రవరిలో వెలువడిన ఉత్తర్వుతో కలకత్తా తెరేసమ్మ సెప్టెంబరు 5న ఐచ్ఛిక స్మరణగా చేరారు.

1969లో చేరినవారి మాట ఎవరూ ఎత్తరు. జపాను హతసాక్షులు పౌల్ మికి, సహచరులు (ఫిబ్రవరి 6), ఉగాండా హతసాక్షులు చార్లెస్ ల్వాంగా, సహచరులు (జూన్ 3), పెరూ దేశపు మార్టిన్ దె పోరెస్ (నవంబరు 3) అందరూ ఆ సవరణతోనే ఉమ్మడి పట్టికకెక్కారు. ఇటలీ, ఫ్రాన్సు పేర్లతో కిటకిటలాడిన పట్టికలో ఆసియాకూ ఆఫ్రికాకూ చోటు కావాలంటే కొన్ని పేర్లు సర్దుకోక తప్పలేదు. మా లెక్కలో ఆ సవరణకు ఇదే గట్టి సమర్థన.

అపోహ: జార్జివారు, వాలెంటైన్‌వారు, ఫిలోమీనమ్మ, అందరిదీ ఒకటే కథ.

ఒకటి కాదు. జార్జివారు ఉమ్మడి పట్టికలోంచి ఎన్నడూ పోలేదు. 1960లో స్థాయి తగ్గింది, 1969లో ఏప్రిల్ 23న ఐచ్ఛిక స్మరణ అయింది. ఆయన ఇంగ్లండుకు పాలక పునీతుడు కనుక అక్కడ అది మహోత్సవం.

వాలెంటైన్‌వారి ఫిబ్రవరి 14ను సిరిల్, మెథోడియస్‌లకు ఇచ్చారు. రోమాలో ఫ్లామినియా దారిలో సమాధి అయ్యారన్నదీ, పేరూ తప్ప ఆయన గురించి మరేమీ తెలియదని వివరణ చెప్పింది. మార్టిరాలజీలో మాత్రం ఆ రోజే ఉన్నారు.

ఫిలోమీనమ్మ సంగతి పూర్తిగా వేరు. 1802లో రోమాలో ప్రిస్కిల్లా భూగర్భ సమాధుల్లో ఒక సమాధి, దాని మీద పేరున్న పెంకులు దొరికాయి. అక్కడి నుంచి భక్తి పెరిగింది, పదహారవ గ్రెగోరీవారు కొన్నిచోట్ల పండుగకు అనుమతి ఇచ్చారు. కానీ ఆమె సాధారణ క్యాలెండరులో గానీ మార్టిరాలజీలో గానీ ఎప్పుడూ లేదు. స్థానిక క్యాలెండర్లన్నిటి నుంచి ఆమె పండుగను తీయాలని 1961లో సూచన వచ్చింది. అంటే 1969కి దీనితో పనే లేదు. పైన చెప్పిన 355వ అంశం దారి ఆమెకు తెరుచుకోదు, పుస్తకంలో పేరు లేదు కనుక. ఆ సూచన క్యాలెండర్ల గురించే, ఇంట్లో చేసుకునే ప్రార్థన గురించి కాదు. ఫిలోమీన అని పేరు పెట్టుకున్నవారు పేరు మార్చుకోనక్కరలేదు.

నిజంగా 'తీసేయడం' ఎలా ఉంటుందో చూడాలంటే ట్రెంట్ సీమోను ఉదంతం చూడాలి. 1475లో చనిపోయిన ఆ పసివాణ్ణి యూదులే చంపారన్న అబద్ధపు నింద మీద భక్తి అల్లుకుంది. 1965లో తిరుసభ ఆ భక్తినే రద్దు చేసింది, మార్టిరాలజీలోంచీ పేరు పోయింది. దీని పక్కన క్రిస్టోఫర్‌వారిని పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది.

అపోహ: తోమాసువారి పండుగ మార్చి భారతీయుల్ని తక్కువ చేశారు.

తోమాసువారు మన దేశానికి వచ్చారని సంప్రదాయం చెప్పే అపోస్తలుడు. ఆయన పాత తేదీ డిసెంబరు 21. అది క్రీస్తు జయంతికి ముందటి ఎనిమిది రోజుల్లో, అంటే డిసెంబరు 17 నుంచి 24 లోపు పడేది. ఆ రోజుల్ని ఆగమనకాలానికే ఉంచాలని పండుగను జులై 3కి తీసుకెళ్లారు. ఆయన అస్థికలు ఎదెస్సాకు చేరిన రోజుగా సిరియా సంప్రదాయం ఎప్పటినుంచో పాటిస్తున్నది ఆ తేదీనే. లోకమంతటా అది పండుగ స్థాయి, భారతదేశంలో మహోత్సవం. డిసెంబరు 3 శౌరివారి (ఫ్రాన్సిస్ జేవియర్) రోజు కూడా అంతే, లోకానికి స్మరణ, మనకు మహోత్సవం. తక్కువ చేసింది ఎక్కడ? బెనెడిక్ట్‌వారు మార్చి 21 నుంచి జులై 11కి, తోమాస్ అక్వినాస్‌వారు మార్చి 7 నుంచి జనవరి 28కి జరిగింది తపస్సుకాలం (ఈస్టరుకు ముందటి ఉపవాస కాలం) తప్పించుకోవడానికే.

అపోహ: మహిమ గీతం పాడలేదంటే పండుగ రద్దయినట్టే.

స్థాయిని బట్టి ఉంటుంది. మహోత్సవానికి మహిమ గీతం (గ్లోరియా), విశ్వాస సంగ్రహం (క్రీడో) రెండూ ఉంటాయి. పండుగకు మహిమ గీతం ఒక్కటే. స్మరణకు రెండూ ఉండవు. తపస్సుకాలంలో స్మరణలు ఇంకా కుంచించుకుపోతాయి. ప్రారంభ ప్రార్థన ఒక్కటి పునీతునిది తీసుకోవచ్చు, తక్కినదంతా ఆ రోజుదే, వస్త్రం ఊదాదే. విభూతి బుధవారం, పవిత్ర వారంలో అదీ కుదరదు.

గుణదల లాంటి క్షేత్రాల దగ్గర ఈ లెక్క అక్కరకొస్తుంది. లూర్దుమాత స్మరణ (ఫిబ్రవరి 11) ఉమ్మడి పట్టికలో ఐచ్ఛికమే. 2027లో ఫిబ్రవరి 10 విభూతి బుధవారం, కాబట్టి 11 తపస్సుకాలపు గురువారం. మామూలు గుడిలో ఆ రోజు లూర్దుమాతకు దక్కేది ప్రారంభ ప్రార్థన ఒక్కటే. గుడి పేరే లూర్దుమాతది అయితే అది ఆ గుడి సొంత మహోత్సవం. తపస్సుకాలపు వారపు రోజు కంటే దాని స్థాయి ఎక్కువ కనుక తెల్ల వస్త్రం, మహిమ గీతం, విశ్వాస సంగ్రహం అన్నీ ఉంటాయి. ముందు రోజు బుధవారం మాత్రం ఏ క్షేత్రంలోనైనా విభూతి పూజే.

గుడి పండుగను జనం కోసం ఆదివారానికి జరపడం మరో తలనొప్పి. సామాన్యకాలపు ఆదివారానికైతే జరపవచ్చు. ఆగమన, తపస్సు, పాస్కా (ఈస్టరు) కాలాల ఆదివారాలకు కుదరదు. మహోత్సవమే ఆ ఆదివారాల్లో పడితే అదే పక్కకు తప్పుకుంటుంది: 2023లో మార్చి 19 ఆదివారం కావడంతో యోసేపువారి మహోత్సవం 20కి వెళ్లింది.

అపోహ: ఆ రోజు పూజకు రావడం తప్పనిసరి కాదంటే పండుగ పోయినట్టే.

ఇవి రెండు వేరు పట్టికలు. 1642లో ఎనిమిదవ అర్బన్‌వారు తప్పనిసరి రోజుల్ని ముప్పై పైచిలుకుకి కట్టడి చేశారు. 1911లో పదవ భక్తినాథవారు, ఆదివారాలు కాక, వాటిని ఎనిమిదికి తగ్గించారు. ఇప్పటి తిరుసభ చట్టం 1246వ నిబంధనలో పది ఉన్నాయి. వాటిలో కొన్నిటిని తగ్గించడానికి, ఆదివారానికి మార్చడానికి మేత్రాణుల (బిషపుల) సమాఖ్యకు రోమా ఆమోదంతో అధికారం ఉంది. యోసేపువారి రోజు 1911లో తప్పనిసరి జాబితా దాటింది, 1917 చట్టంతో తిరిగొచ్చింది. ఈ రాకపోకల మధ్య యోసేపువారి పండుగ మాత్రం పోలేదు.

మీ విచారణ పునీతుని సంగతి తేలాలంటే ముందు గుడి ప్రతిష్ఠ పత్రంలో పేరు, తేదీ చూడండి, తర్వాత మేత్రాసన క్యాలెండరు, ఆ తర్వాతే సాధారణ క్యాలెండరు. గోడ క్యాలెండరు వేసిన అచ్చాఫీసువాళ్లు స్థాయి చూడరు, ఖాళీ చూస్తారు. అందులో పేరు లేదని పాలక పునీతుని పండుగ మానేసిన విచారణలూ, ఉందని స్మరణను మహోత్సవంలా చేసిన విచారణలూ రెండూ ఉన్నాయి.