యుద్ధంలో పుట్టిన పరీక్ష, దాని పక్కనే మొలిచిన దొంగ డిప్లొమాలు

2004లో కాలిఫోర్నియా రాష్ట్ర అటార్నీ జనరల్ ‘కాలిఫోర్నియా ఆల్టర్నేటివ్ హైస్కూల్’ అనే సంస్థ మీద కేసు వేశారు. పది వారాలు క్లాసులకు వస్తే హైస్కూలు డిప్లొమా (మన పన్నెండో తరగతి పట్టా లాంటిది) చేతిలో పెడతామని చెప్పి, ముఖ్యంగా లాటిన్ అమెరికా నుంచి వలస వచ్చినవారి దగ్గర 450 నుంచి 1,450 డాలర్ల దాకా వసూలు చేసిన సంస్థ అది. వాళ్లు పంచిన పుస్తకం ప్రకారం అమెరికాలో 53 రాష్ట్రాలున్నాయి. రెండో ప్రపంచయుద్ధం 1938లో మొదలై 1942లో ముగిసింది. సెనెట్ డెమోక్రాట్లది, ప్రతినిధుల సభ రిపబ్లికన్లది. చదివితే నవ్వొస్తుంది. అయితే ఆ తప్పులు పట్టుకోగలిగినవారికి ఆ క్లాసులతో పనే లేదు. పట్టుకోలేనివారే డబ్బు కట్టారు.

దొంగ డిప్లొమాల మాట వచ్చినప్పుడల్లా ‘అంత సులువుగా ఎలా నమ్మారు?’ అని మోసపోయినవారినే అడుగుతారు. బడి మధ్యలో మానేసిన పెద్దవాళ్ల కోసం అమెరికా చేసుకున్న ఏర్పాటులోనే సందులున్నాయని నా అభిప్రాయం. అవి ఎలా ఏర్పడ్డాయో చూడాలంటే 1942 దాకా వెనక్కి వెళ్లాలి.

ఆ ఏడాది సైన్యంలో చేర్చుకునే వయసును 18కి తగ్గించారు. హైస్కూలు ముగించకుండానే కుర్రాళ్లు యుద్ధానికి వెళ్లారు. తిరిగి వచ్చాక వాళ్లను మళ్లీ పిల్లల పక్కన బెంచీ మీద కూర్చోబెట్టడం కుదిరే పని కాదు. అందుకని సైన్యం, కాలేజీల సంఘమైన అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ కలిసి, అయోవా విశ్వవిద్యాలయ నిపుణుల సాయంతో ఒక పరీక్ష తయారుచేయించాయి. అదే జీఈడీ (జనరల్ ఎడ్యుకేషనల్ డెవలప్‌మెంట్). ఎన్నాళ్లు బడికి వెళ్లావని కాక, నీకు ఏమి వచ్చు అని అడగడం దాని కొత్తదనం. 1947లో న్యూయార్క్ దీన్ని సైనికులు కానివారికీ తెరిచింది. చివరిగా 1974లో కాలిఫోర్నియా ఒప్పుకుంది.

అన్ని రాష్ట్రాలూ ఒప్పుకోవడానికి అంతకాలం ఎందుకు పట్టిందన్న దానిలోనే మొదటి సందు కనిపిస్తుంది. అమెరికా రాజ్యాంగంలో విద్య ఊసే లేదు. అది రాష్ట్రాల చేతిలోని పని. దేశమంతటికీ ఒక బోర్డు లేదు. బడులకు గుర్తింపు ఇచ్చే పని కేంద్ర విద్యాశాఖ చేయదు, గుర్తింపు ప్రైవేటు సంస్థలు ఇస్తాయి. చాలా రాష్ట్రాల్లో ప్రైవేటు హైస్కూలు పెట్టడానికి పెద్ద అడ్డంకులు ఉండవు. బడి పెట్టినవాడే దానికి గుర్తింపు ఇచ్చే సంస్థనూ సృష్టించుకుంటే, బయటివారికి తేడా తెలియడం కష్టం.

రెండో సందు మాటలో ఉంది. జీఈడీ పాసైనవారికి ఇచ్చే పట్టాకు హైస్కూలు ‘సమానార్హత’ అని పేరు పెట్టినా, దాన్ని డిప్లొమాతో సమానంగా ఎవరూ చూడలేదు. 1987 నుంచి సైన్యమే డిప్లొమా ఉన్నవారిని మొదటి శ్రేణిలోనూ, జీఈడీవారిని రెండో శ్రేణిలోనూ పెట్టింది. ఏ సైనికుల కోసం పరీక్ష పుట్టిందో ఆ సైన్యమే! 1993లో ఆర్థికవేత్తలు స్టీఫెన్ కామెరాన్, జేమ్స్ హెక్‌మన్ సంపాదనలు పోల్చి చూసి, జీఈడీ పాసైనవారు డిప్లొమా ఉన్నవారికంటే బడి మానేసినవారికే దగ్గరగా ఉన్నారని తేల్చారు. ఇక దొంగ పట్టాలు అమ్మేవాడికి ప్రకటన రాసుకోవడం ఎంతసేపు? ‘ఇది జీఈడీ కాదు, అసలైన డిప్లొమా!’

ఇంటర్నెట్ రావడంతో ఆ ప్రకటన ఇంటింటికీ చేరింది. బెల్‌ఫోర్డ్ హైస్కూల్ అనే వెబ్‌సైటు 249 డాలర్లకు డిప్లొమా అమ్మింది. దాన్ని పట్టుకుని కాలేజీకి వెళ్లినవారికి ‘ఇది చెల్లదు’ అన్న జవాబు వచ్చింది. 30 వేలకు పైగా కొనుగోలుదారుల తరఫున నడిచిన దావాలో మిచిగన్ ఫెడరల్ కోర్టు 2012లో 2.27 కోట్ల డాలర్ల పరిహారం విధించింది. అసలు ఆ బడే లేదు. ఆ వ్యాపారం వేళ్లు పాకిస్తాన్‌లోని కరాచీలో తేలాయి.

అదే 2012 జూలైలో మరో మార్పు వచ్చింది. అంతవరకు డిప్లొమా లేకపోయినా ఒక చిన్న పరీక్ష పాసైతే కాలేజీకి కేంద్ర ఆర్థిక సాయం దొరికేది. కొత్త విద్యార్థులకు ఆ దారి మూసేశారు (తర్వాత 2014 చివర్లో కొంతవరకే తెరిచారు). ఏదో ఒక కాగితం తప్పనిసరి అయింది.

2014 వచ్చేసరికి నిజమైన పరీక్షల వైపు కూడా గందరగోళమే. అంతకుముందే పుస్తకాలు, పరీక్షల వ్యాపారం చేసే పియర్సన్ కంపెనీ జీఈడీలో భాగస్వామిగా చేరింది. పరీక్ష కంప్యూటర్ మీదికి మారి, కష్టమైంది, ఖరీదైంది. పాత పరీక్షలో కొన్ని భాగాలే పాసైనవారి మార్కులు 2013తోనే రద్దయ్యాయి. పోటీగా హైసెట్, టాస్క్ అనే పరీక్షలు వచ్చాయి. న్యూయార్క్ జీఈడీని వదిలి టాస్క్ పట్టుకుంది. 2021తో టాస్క్ ఆగిపోతే మళ్లీ జీఈడీకి వచ్చింది. ఏది అసలుదో అధికారులే పేర్లు మారుస్తున్నప్పుడు, రాత్రి పని ముగించుకుని ఫోనులో వెతికే మనిషి మొదట కనిపించిన ప్రకటన నొక్కితే తప్పు పట్టగలమా?

వినియోగదారులను మోసాల నుంచి కాపాడే కేంద్ర సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2014లో, మళ్లీ 2016లో డిప్లొమాలు అమ్మే ఇలాంటి సైట్ల మీద కేసులు వేసింది. ఒకదాని ‘పరీక్ష’ చూడముచ్చటగా ఉంటుంది. గడువు లేదు, కాపలా లేదు, 70 శాతం వస్తే చాలు. అదీ రాకపోతే ప్రశ్నపత్రం మళ్లీ తెరుచుకుంటుంది, ఈసారి సరైన జవాబులకు రంగు వేసి!

‘ఇంట్లో కూర్చుని రాసే పరీక్ష అంటే మోసమే’ అని చాలాకాలం చెప్పేవారు. 2020లో కరోనా సమయంలో జీఈడీ కూడా ఇంటి నుంచి రాసే వీలు కల్పించడంతో ఆ కొలత పనికిరాకుండా పోయింది. అయితే అందులో కెమెరా ముందు గుర్తింపు కార్డు చూపాలి, రాస్తున్నంతసేపూ ఒకరు చూస్తూనే ఉంటారు. నాలుగు సబ్జెక్టుల్లోనూ 145 మార్కులు చొప్పున తెచ్చుకోవాలి. కొన్ని దొంగ సైట్లలా జీవితానుభవానికి మార్కులు వేయరు. ఆన్‌లైన్ డిప్లొమాలన్నీ దొంగవీ కావు: 2014 నుంచి కొన్ని ప్రజా గ్రంథాలయాలు గుర్తింపు ఉన్న ఆన్‌లైన్ హైస్కూలు చదువు ఇప్పిస్తున్నాయి, కానీ దానికి కోర్సులు నిజంగా పూర్తిచేయాలి.

కాబట్టి వెతకడం మొదలుపెట్టవలసింది సెర్చ్ ఇంజన్ దగ్గర కాదు, తాము ఉంటున్న రాష్ట్ర విద్యాశాఖ సైటు దగ్గర. ఏ పరీక్ష చెల్లుతుందో, ఫీజు ఎంతో, ఉచిత క్లాసులు ఎక్కడో అక్కడ ఉంటాయి. న్యూయార్క్‌లోనైతే పరీక్షకు ఫీజే లేదు. డిప్లొమా ఇస్తామనే బడి కనిపిస్తే, డబ్బు కట్టకముందే చేరదలచిన కాలేజీకో, ఉద్యోగం ఇచ్చేవారికో ఫోను చేసి ఆ పేరు చెప్పి అడగాలి. బడి సైటు మీది గుర్తింపు ముద్రను నమ్మకుండా, కాగ్నియా వంటి గుర్తింపు సంస్థ సొంత జాబితాలోనే ఆ పేరు వెతకాలి. ఇప్పటికే మోసపోయినవారు రాష్ట్ర అటార్నీ జనరల్‌కూ, ట్రేడ్ కమిషన్‌కూ ఫిర్యాదు చేయవచ్చు. ఆ కాగితాన్ని మాత్రం ఇక ఏ దరఖాస్తుకూ జతచేయకూడదు. తెలిసీ వాడితే ఆ తప్పు వారి మెడకే చుట్టుకుంటుంది.