‘ఇంత డేటా ఉండగా మీకు నిధులెందుకు?’: సంఖ్యాశాస్త్ర పరిశోధన మీద అపోహలు, వాస్తవాలు

ఏం పరిశోధన చేస్తారని అడిగినవాళ్లకు ‘సంక్లిష్ట డేటా కోసం గణిత సంఖ్యాశాస్త్రం, సంభావ్యతా సిద్ధాంతం’ అని చెప్తే మూడు రకాల జవాబులు వస్తాయి. ‘అంటే సర్వేలు చేస్తారా?’ అంటారు కొందరు. ‘ఓ, ఏఐ అన్నమాట’ అని తేల్చేస్తారు మరికొందరు. మూడో రకం వాళ్లు కాస్త మొహమాటపడుతూ ‘దానికి గ్రాంట్లు కూడా ఇస్తారా?’ అంటారు. చాలా ఏళ్లుగా ప్రతిపాదనలు రాస్తున్నాను, వేరేవాళ్లు రాసినవి చదివి మార్కులు వేస్తున్నాను. అందువల్ల మొదటి రెండు మాటల మీద నాకు పెద్దగా కోపం రాదు. మూడోదానికి మాత్రం జవాబు చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

అపోహ: డేటా లక్షల్లో ఉంటే సంఖ్యాశాస్త్రంతో పనిలేదు

2021లో అమెరికాలో కోవిడ్ టీకా ఎంతమంది వేయించుకున్నారో తెలుసుకోవడానికి చాలా సర్వేలు నడిచాయి. ఫేస్‌బుక్ ద్వారా జరిగిన ఒకదానికి వారానికి సుమారు 2,50,000 మంది జవాబులిచ్చారు. ఇంకోదానికి వెయ్యి మంది. ఆ మే నెలలో పెద్ద సర్వే చెప్పిన అంకె, ప్రభుత్వం దగ్గరున్న టీకా లెక్క కంటే 17 శాతం పాయింట్లు ఎక్కువ. వెయ్యి మందిని అడిగినది మాత్రం అసలు లెక్కకు దగ్గరగానే ఉంది. ఎందుకిలా అయిందో విప్పి చెప్పిన వ్యాసం అదే డిసెంబరులో ‘నేచర్’లో వచ్చింది.

దాని వెనకున్న గణితం 2018లో జియావో-లి మెంగ్ రాసినది. సగటులో వచ్చే తప్పును ఆయన మూడు ముక్కల గుణకారంగా విడదీశారు: డేటా ఎంత ఉంది, జనంలో తేడాలు ఎంత ఉన్నాయి, ఒకరు జవాబు ఇచ్చారా లేదా అన్నదానికీ వాళ్ల అసలు జవాబుకూ మధ్య సహసంబంధం ఎంత. ఈ మూడోదే అసలు చిక్కు. 2016 అమెరికా అధ్యక్ష ఎన్నికల విషయంలో ఆ సహసంబంధం దాదాపు 0.005 అని ఆయన అంచనా కట్టారు. వెయ్యిలో ఐదు, పట్టించుకోనక్కర్లేదు అనిపిస్తుంది కదా! అంత చిన్న లోపానికే 23 లక్షల మంది జవాబులు, సరైన పద్ధతిలో చీటీలు తీసినట్టు ఎంచుకున్న 400 మంది జవాబులతో సమానం అయిపోయాయి.

ఇంకో ప్రమాదం ఉంది. డేటా పెరిగేకొద్దీ మామూలు సూత్రాలు ఇచ్చే పొరపాటు హద్దులు కుంచించుకుపోతాయి. తప్పు అంకె చుట్టూ అవి ఎంత సన్నగా గీసుకుపోతే చూసేవాళ్లకు అంత ధీమా.

అపోహ: సంక్లిష్ట డేటా అంటే పెద్ద డేటా

60 మంది రోగులు, ఒక్కొక్కరిలో 20,000 జన్యువుల కొలతలు. ఈ ఫైలు మామూలు ల్యాప్‌టాప్‌లో హాయిగా తెరుచుకుంటుంది. కానీ మనుషుల కంటే కొలతలు 300 రెట్లకు పైగా ఉన్నాయి. డిగ్రీలో నేర్చుకున్న సూత్రాల్లో సగం ఇక్కడ చేతులెత్తేస్తాయి, ఎందుకంటే అవన్నీ మనుషులు ఎక్కువ, కొలతలు తక్కువ అనుకుని కట్టినవి. ఇక ఒక్కో పరిశీలన ఒక అంకె కాకుండా మొత్తం వక్రరేఖో, మెదడు ఆకారమో కావచ్చు. సామాజిక నెట్‌వర్క్ తీసుకుంటే కోటి మంది ఉన్నా నెట్‌వర్క్ మాత్రం ఒక్కటే, అంటే ఒక లెక్కన నమూనా పరిమాణం ఒకటి! మాకు ‘సంక్లిష్టం’ అనే మాట ఇలాంటి చోట్ల పుడుతుంది, గిగాబైట్లలో కాదు.

మా రంగంలో నాకు బాగా ఇష్టమైన లెక్క ఒకటుంది, కాసేపు ఓపిక పట్టండి. 1,000 మంది మీద 250 కొలతలు తీశాం అనుకోండి. ఆ కొలతలన్నీ ఉత్త రొద, ఒకదానికొకటి ఏ సంబంధమూ లేదు, ప్రతిదాని విస్తృతి 1. అప్పుడు ఏ దిక్కున చూసినా డేటా చెదురుడు 1 ఉండాలి. ఆ చెదురుడును కొలిచే అంకెల్నే ఐగెన్ విలువలంటారు. కానీ డేటా నుంచి లెక్క కడితే అవి 1 దగ్గర ఉండవు. 250ని 1,000తో భాగిస్తే పావు, దాని వర్గమూలం అర. 1 లోంచి అర తీసి వర్గం చేస్తే 0.25. అర కలిపి వర్గం చేస్తే 2.25. ఐగెన్ విలువలు ఈ రెండింటి మధ్య పరుచుకుంటాయి. 1967లో మార్చెంకో, పాస్తూర్ ఇచ్చిన ఫలితం ఇది.

అంటే ఏమీ లేని డేటాలో కూడా ఒక దిక్కు 2.25 చూపిస్తుంది, ఇంకోటి 0.25. కొత్తగా చూసేవాళ్లకు అది ‘దాగున్న కారకం’లా కనిపిస్తుంది. విద్యార్థిగా ఉన్నప్పుడు నేనూ అలాంటి కారకం ఒకటి కనిపెట్టి రెండు వారాలు గాల్లో తేలాను, దానికి పేరు కూడా పెట్టేశాను. మా గైడు ఏమీ అనలేదు. ప్రతి నిలువు వరుసనీ విడివిడిగా పేకముక్కల్లా కలిపేసి మళ్లీ లెక్క చూడమన్నారు. అలా కలిపితే కొలతల మధ్య సంబంధం ఏదున్నా పోవాలి. నా కారకం చెక్కుచెదరలేదు, అంటే అది ఉత్త రొదే!

సరే, నిజంగానే ఒక సంకేతం ఉంటే? 2005లో బైక్, బెన్ అరూస్, పెషే మొదలుపెట్టిన పని దీనికి జవాబిస్తుంది. మన ఉదాహరణలో సంకేతం బలం (అంటే ఆ దిక్కున అసలు చెదురుడు) 1.5 దాటకపోతే, అతి పెద్ద ఐగెన్ విలువను ఎంతసేపు చూసినా దాని జాడ తెలియదు, రొదలో కలిసిపోతుంది. బలం 2 అయితే బయటపడుతుంది, కానీ 2.5గా కనిపిస్తుంది. పైగా అది చూపించే దిక్కు అసలు దిక్కు నుంచి సుమారు 39 డిగ్రీలు పక్కకు ఒరిగి ఉంటుంది. (డేటా పట్టిక రెండు వైపులా ఇదే నిష్పత్తిలో పెరుగుతూ పోతే వచ్చే అవధి విలువలు ఇవి.) ఇలా పెద్ద ఐగెన్ విలువలున్న దిక్కుల్ని వెతికే పద్ధతిని (ప్రిన్సిపల్ కాంపొనెంట్ అనాలిసిస్) జన్యువులకైనా షేర్లకైనా రోజూ వాడేవాళ్లు ఎందరో. ఆ 39 డిగ్రీల సంగతి తెలిసి వాడేవాళ్లు చాలా తక్కువ.

అపోహ: పి-విలువ 0.05 లోపు వస్తే 95 శాతం నిజమే

కాదు. తేడా ఏమీ లేదని అనుకుంటే ఇంత తేడా, లేదా ఇంతకన్నా ఎక్కువ, కనిపించే అవకాశం ఎంత అన్నదే పి-విలువ. మీ పరికల్పన నిజమయ్యే అవకాశం అది కాదు. దీని మీద ఇప్పటికే చాలామంది రాశారు, నేను సాగదీయను. పై ఉదాహరణలోని 20,000 జన్యువుల్లో దేనికీ రోగంతో సంబంధం లేకపోయినా సగటున 1,000 జన్యువులు ఆ గీత దాటేస్తాయి. ‘దొరికాయి’ అన్నవాటిలో ఎన్ని ఉత్తివో ఆ వాటాను సగటున అదుపులో పెట్టే పద్ధతిని 1995లో బెంజమినీ, హాక్‌బర్గ్ ఇచ్చారు. ఇప్పుడు నడుస్తున్న పని ఇంకాస్త ముందుకు వెళ్లింది: డేటాను చూసి ప్రశ్నను ఎంచుకుని, అదే డేటాతో పరీక్షిస్తే లెక్క ఎలా సరిచేయాలి? నిజ జీవితంలో అందరూ చేసేది అదే కదా.

అపోహ: సంభావ్యతా సిద్ధాంతం ఉత్త కాగితం గణితం

1913లో మార్కోవ్ పుష్కిన్ పద్య నవల ఒకటి తీసుకుని అందులో 20,000 అక్షరాలు లెక్కపెట్టాడు. అచ్చు తర్వాత అచ్చు ఎన్నిసార్లు, హల్లు ఎన్నిసార్లు అని. ఆ చాకిరీ ఏ ఉపయోగం కోసమూ కాదు. సగటులు స్థిరపడాలంటే ఘటనలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉండాలని వాదించిన ఇంకో గణితజ్ఞుడు తప్పని చూపించాలన్న పట్టుదలతో మొదలైన ఆలోచన అది. ఒక తగాదా నుంచి పుట్టిన ఆ ‘మార్కోవ్ గొలుసుల్ని’ (తర్వాతి అడుగు ఇప్పుడున్న చోటు మీదే ఆధారపడే యాదృచ్ఛిక వరుసల్ని) 1953లో మెట్రోపొలిస్ బృందం భౌతిక శాస్త్రంలో లెక్కలు కట్టడానికి వాడుకుంది. ఇవాళ బేసియన్ పద్ధతులు (ముందున్న అంచనాను డేటాతో సవరించుకునేవి) వాడే చాలా సాఫ్ట్‌వేర్‌లలో వాటి వారసులే పరిగెడుతుంటాయి.

ఎప్పుడూ నలభై ఏళ్లు ఆగాలని కూడా లేదు. చిత్రం కొద్ది అంకెలతోనే చెప్పగలిగేది అయితే తక్కువ కొలతలతో దాన్ని మొత్తం తిరిగి కట్టొచ్చని, యాదృచ్ఛికంగా కొలిస్తే చాలని కాండెస్, రోంబర్గ్, టావో, డోనోహో 2006లో ప్రచురించిన వ్యాసాల్లో నిరూపించారు. ఇప్పుడు ఎమ్మారై యంత్రాల్లో రోగి కదలకుండా పడుకోవాల్సిన సమయం తగ్గించేది ఆ గణితమే.

అపోహ: ఏఐ వచ్చాక ఇంకా పరిశోధించడానికి ఏముంది?

ఏఐ వచ్చాకే మాకు పని పెరిగింది. పెద్ద ఏఐ మోడళ్లు శిక్షణ డేటాను పొల్లుపోకుండా బట్టీ పట్టి కూడా కొత్త డేటా మీద బాగా పనిచేయడం మా పాఠ్యపుస్తకాలకు విరుద్ధం. ఎప్పుడు అలా జరుగుతుంది, ఎప్పుడు జరగదు అన్నదాని మీద నిరూపణలు గత కొన్నేళ్లుగానే వస్తున్నాయి.

ఇంకోటి, ఏఐ ఇచ్చిన జవాబును ఎంత నమ్మొచ్చు అన్నది. వోవ్క్, ఆయన సహచరులు మొదలుపెట్టిన కన్ఫార్మల్ ప్రిడిక్షన్ అనే పద్ధతి ఏ మోడల్ జవాబు చుట్టూ అయినా ఒక హద్దు గీసి, 90 శాతం సార్లు అసలు జవాబు అందులో ఉంటుందని హామీ ఇస్తుంది. వినడానికి మాయలా ఉంటుంది. షరతులు చదవాలి. మొదటిది, రేపటి డేటా నిన్నటి డేటా లాంటిదే అయి ఉండాలి. రెండోది, ఆ 90 శాతం అందరినీ కలిపి చూసినప్పటి మాట. ఒక చిన్న వర్గం రోగుల వరకు చూస్తే అది 60 శాతమే ఉండొచ్చు, హామీకి ఏ భంగమూ రాదు. ఈ రెండు షరతుల్నీ ఎంతవరకు సడలించగలం అన్నదాని మీద మా వాళ్లు చాలామంది కూర్చున్నారు.

అపోహ: ‘సాధ్యం కాదు’ అని తేలితే గ్రాంట్ వృథా

ఇది బయటివాళ్ల అపోహే కాదు, కొందరు సమీక్షకులది కూడా. 1945లో సి.ఆర్. రావు ప్రచురించిన వ్యాసంలో ఒక హద్దు ఉంది: పక్షపాతం లేని ఏ అంచనా అయినా ఇంతకంటే కచ్చితంగా ఉండలేదు అని. అదే ఫలితాన్ని క్రామర్ కూడా విడిగా చూపించడంతో ఇద్దరి పేర్లతో నిలిచిపోయింది. రావుకు 2023లో అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమతి వచ్చినప్పుడు చెప్పుకున్న పనుల్లో అదొకటి. ‘ఇంతకంటే బాగా చేయలేరు’ అని తేలితే దానికి డబ్బు విలువ ఉంది. ఇంకో మెరుగైన అల్గారిథం కోసం తల బద్దలు కొట్టుకోవడం ఆపి, ఆ డబ్బుతో ఇంకో వంద మంది రోగుల్ని అధ్యయనంలో చేర్చుకోవచ్చు.

ఇప్పుడు ఇందులో వింతైన మలుపు వచ్చింది. 10 లక్షల మంది ఉన్న నెట్‌వర్క్‌లో ఏ ఇద్దరికైనా పరిచయం ఉందా లేదా అన్నది నాణెం ఎగరేసి తేల్చాం అనుకోండి. అందులో అందరికీ అందరూ తెలిసిన ఒక గుంపును దాచాం. గుంపులో సుమారు 40 మంది దాటితే చాలు, కాలం ఎంతైనా ఇస్తే దాన్ని పట్టుకోవచ్చు. కానీ ఇప్పటిదాకా తెలిసిన వేగమైన పద్ధతులన్నింటికీ వెయ్యి మంది స్థాయి కావాలి. మధ్యలో ఉన్న గుంపుల సమాచారం డేటాలో ఉంది, తీయడానికి దారి తెలియదు. ఆ దారి అసలు లేదా అన్నది ఇంకా తేలలేదు.

అపోహ: పెన్నూ కాగితం చాలు కదా, డబ్బెక్కడికి పోతుంది?

మనుషుల మీదకి. మా గ్రాంట్లలో పెద్ద వాటా పీహెచ్‌డీ విద్యార్థుల, పోస్ట్‌డాక్‌ల జీతభత్యాలకే. తర్వాత సదస్సులకు, వేరేచోట ఉన్న సహ పరిశోధకుల దగ్గరకు వెళ్లి రెండు వారాలు బోర్డు ముందు నిలబడటానికి. సిమ్యులేషన్ల కోసం కొంత కంప్యూటర్ సమయం. సంస్థ నిర్వహణ ఖర్చుల కింద కొంత పక్కకు పోతుంది, అది చూసిన ప్రతిసారీ నాకు చిన్న నిట్టూర్పు.

ప్రతిపాదన రాయడం మాత్రం విచిత్రమైన విద్య. ఇంకా నిరూపించని సిద్ధాంతాన్ని మొదటి ఏడాది ఇది, రెండో ఏడాది అది అని టైమ్‌టేబుల్ వేసి చూపించాలి. నా మొదటి ప్రతిపాదనకు వచ్చిన రెండు సమీక్షల్లో ఒకటి ‘మరీ సైద్ధాంతికం’ అంది, రెండోది ‘గణితం లోతు చాలదు’ అంది. రెండూ ఒకే పేజీ గురించే. నిధులు రాలేదు. ఆ రెండు సమీక్షల్నీ పక్కపక్కన పెట్టుకుని చదివితే, నేను రాసింది ఇద్దరికీ అర్థం కాలేదని నాకు అర్థమైంది. తర్వాతి ఏడాది ఒకే ఒక ఉదాహరణ చుట్టూ మొత్తం తిరగరాశాను, పైన చెప్పిన 250 కొలతలు, 1,000 మంది ఉదాహరణ. అది గట్టెక్కింది.

ఆ ప్రాజెక్టులో మూడు సిద్ధాంతాలు నిరూపిస్తానని రాశాను. ఒకటి అనుకున్నట్టే వచ్చింది. రెండోదానికి మరీ బలమైన షరతు పెట్టాల్సి వచ్చింది. మూడోది తప్పని నా విద్యార్థిని ఒక మధ్యాహ్నం ప్రత్యుదాహరణతో (అది పనిచేయని ఒక ఉదాహరణతో) వచ్చి చూపించింది. తుది నివేదికలో ఆ మూడోదానికే ఎక్కువ పేజీలు పట్టాయి, ఆమె పీహెచ్‌డీ కూడా దాని మీదే.