టోరిక్స్ ఎక్కడ బ్లిమ్ అయినయి?

మా పక్కింట్ల సెవెన్త్ చదివే పోరడు ఉన్నడు, హన్మకొండల మా గల్లీల ఇంగ్లీష్ గడగడ చదివేది వాడొక్కడే, వాడు చదువుతుంటే వాళ్ళ నాయనమ్మ అరుగు మీద కూసొని మురిసిపోతది. మొన్న ఒక అన్‌సీన్ ప్యాసేజ్ పట్టుకొచ్చిండు, కింద ఐదు ప్రశ్నలు, ఐదుకు ఐదు కరెక్టు రాసిండు. సరే గని ఇంతకు దీంట్ల ఏం జరిగిందిరా అని అడిగితే "అది తెల్వది మామా, ఆన్సర్లయితే వచ్చినయ్ కదా" అన్నడు.

నాకు నవ్వొచ్చింది గని వాడు చెప్పింది అబద్ధం కాదు. మీరే చూడండి, ఒక సెంటెన్స్ ఇస్తున్న: "ది టోరిక్స్ బ్లిమ్డ్ ఇన్ ది డ్రూపన్." వీటికి అర్థం లేదు, ఇప్పుడే నేను పుట్టించిన మాటలు. ఇప్పుడు ప్రశ్న: టోరిక్స్ ఎక్కడ బ్లిమ్ అయినయి? ఇన్ ది డ్రూపన్. అయిపోయింది, రెండు మార్కులు. ప్రశ్నల ఉన్న మాటను ప్యాసేజ్‌ల వెతుకుడు, ఆ లైన్ ఎత్తి రాసుడు, మన పిల్లలు ఆరో తరగతి నుంచి బాగ ప్రాక్టీస్ చేసేది ఇదే, దీన్నే మనం కాంప్రహెన్షన్ అంటున్నం.

1986ల ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు చదివి అర్థం చేసుకునుడు అంటే ఒక గుణకారం అన్నరు: అక్షరాలను మాటలుగ పలికే శక్తి ఇంటూ ఆ భాష వింటే అర్థమయ్యే శక్తి. కూడిక కాదు, గుణకారం, అంటే రెండిట్ల ఏ ఒక్కటి సున్నా అయినా మొత్తం సున్నానే. తెలుగుల మనకు ఈ తేడా కనవడది ఎందుకంటే గుణింతాలు, ఒత్తులు వస్తే ఏదైనా చదువుతం, భాష ఎట్లాగూ ఇంట్ల ఉన్నదే. ఇంగ్లీష్‌ల ఓ, యు, జి, హెచ్ అనే నాలుగు అక్షరాలే "టఫ్"ల ఒక తీరు, "త్రూ"ల ఒక తీరు, "దో"ల ఇంకో తీరు పలుకుతయి, ఆ పలుకుడు నేర్సుకునుడుకే నాలుగైదేండ్లు పోతయి, పలుకుడు రాంగనే చదువుడు వచ్చిందని అందరం సంబరపడి ఊకుంటం.

అసలు కష్టం సెంటెన్స్ లోపల ఉంటది. "బస్టాండ్ కాడ సైకిల్ పోగొట్టుకున్న పోరడు" అంటం మనం, పోరడు చివర్ల వస్తడు, వచ్చేసరికి వాని సంగతి మొత్తం తెలిసే ఉంటది. ఇంగ్లీష్‌ల "ది బాయ్ హూ లాస్ట్ హిస్ సైకిల్" అని పోరడు ముందే వచ్చి నిలబడ్తడు, సంగతి వెనక నుంచి వస్తది. మావాడు దీన్ని ఎట్ల చదివిండో తెలుసా, "హూ" అంటే ఎవరు అని బడిల నేర్పిరి కాబట్టి "పోరడు, ఎవరు పోగొట్టుకున్నరు సైకిల్?" అని ప్రశ్న లెక్క చదివిండు! మాట మాటకు అర్థం తెలుసు, సెంటెన్స్ మాత్రం పోయింది. పైగా మన బుర్ర ఒక్కసారికి పట్టుకునేవి నాలుగు ముక్కల దాకనే అని 2001ల నెల్సన్ కోవన్ అనే పరిశోధకుడు లెక్కగట్టిండు, ఆ నాలుగు జాగలు స్పెల్లింగ్‌లకు, తిరగేసిన వరుసకే నిండితే కథ ఎక్కడ ఉండాలె?

ఇంకొకటి ఉన్నది, నాకు అన్నిటికంటే ఇష్టమైంది. 1988ల అమెరికాల రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు 64 మంది ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు బేస్‌బాల్ ఆట గురించి ఒక ప్యాసేజ్ ఇచ్చి, బొమ్మలతోని ఆ ఆటను ఆడి చూపించుమన్నరు. చదువుల వెనకబడినా బేస్‌బాల్ తెలిసినోళ్ళు, బాగ చదివేటోళ్ళయినా ఆట తెల్వనోళ్ళను దాటిపోయిన్రు. నేను ఇంట్లనే చిన్నగ చేసి చూసిన, ఇది పరిశోధన ఏం కాదు, ఆదివారం కాలక్షేపం. వరంగల్‌ల పత్తి అమ్మే ఎనుమాముల మార్కెట్ మీద నాలుగు లైన్లు ఇంగ్లీష్‌ల రాసిన: వ్యాపారి పత్తి బస్తల చెయ్యి పెట్టిండు, తల అడ్డంగ ఊపిండు, రైతు మొఖం చిన్నబోయింది. ఎందుకు అని అడిగితే మావాడు "వ్యాపారికి చెయ్యి నొప్పి లేసింది" అన్నడు. పరకాల దిక్కు నుంచి వచ్చిన వాళ్ళ మేనబావ, ఇంగ్లీష్ తడుముకుంట చదివేటోడు, ఠక్కున "తేమ ఉన్నది, రేటు తగ్గిస్తడు" అన్నడు. తేమ అనే మాటే నేను రాయలే! పత్తి కొనే సర్కారు సంస్థ సీసీఐ 8 శాతం తేమకు పూర్తి ధర ఇస్తది, 12 దాటితే కొనదు, ఆ లెక్క వాళ్ళ ఇంట్ల ప్రతి చలికాలం నడిచే ముచ్చటే కదా.

అందుకే రోజుకు పది ప్యాసేజ్‌లు చేయించే గైడ్‌ల మీద నాకు నమ్మకం లేదు. తెల్వని మాటలు ఎక్కువైతే ఊహించుడు కూడ కుదరదు, పాల్ నేషన్ అనే భాషా పరిశోధకుడు చెప్పిన ప్రకారం ఎవరి సాయం లేకుండ హాయిగ చదవాల్నంటే నూటికి 98 మాటలు తెలిసి ఉండాలె, అంటే 50 మాటలకు ఒక్కటే కొత్తది. తెల్వని మాటలను ఒక చేతి వేళ్ళ మీద లెక్కబెట్టండి, పేజీకి ఐదు వేళ్ళు అయిపోయినంక కూడ ఇంక మిగిలితే ఆ పుస్తకం పక్కన పెట్టుడే మంచిది. మన సర్కారు బడులల్ల 2022-23 నుంచి ఇంగ్లీష్ మీడియం వచ్చినంక పుస్తకాలల్ల ఒక పేజీ ఇంగ్లీష్, ఎదురు పేజీ తెలుగు ఇస్తున్నరు, తెలుగు ముందు చదివితే కాపీ కొట్టినట్టు అని కొందరు తల్లిదండ్రులు అనుకుంటరు, నన్నడిగితే అదే సరైన దారి, సంగతి తెలుగుల ఎక్కితే నాలుగు జాగలు ఇంగ్లీష్‌కు ఖాళీ అయితయి.

చదివినంక పుస్తకం మూసి తెలుగులనే చెప్పుమనాలె. 2006ల రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగంల ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళ మళ్ళ చదివినోళ్ళదే పైచేయి, వారం తర్వాత పెడితే మాత్రం మూసి గుర్తు తెచ్చుకున్నోళ్ళు ముందున్నరు.

రెండు నెలలుగ మావానితోని ఇదే చేయిస్తున్న. మొన్న నాయనమ్మ గోడ మీదికెల్లి పిలిచి, "ఇంతకు ముందు గడగడ చదువుతుండె బిడ్డా, ఇప్పుడు ఆగుకుంట ఆగుకుంట చదువుతుండు, ఏం చేసినవ్ వాన్ని?" అని నిలదీసింది. నేను జవాబు చెప్పేలోపే లోపలి నుంచి వాడు అరిచిండు, "మామా, ఇక్కడ దే అంటే ఎవరు, కూలోళ్ళా, ఎడ్లా?"