కర్నూలు ఎండలో రెండు గ్రాఫిక్స్ కార్డులు

ఇంట్లో సిస్టమ్ ఖాళీగా ఉండే గంటల్ని సైన్సుకి ఇవ్వొచ్చు. బాయింక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుంటే చాలు. ఎక్కడో జరుగుతున్న పెద్ద లెక్కలోంచి ఓ ముక్క మన దగ్గరికి వస్తుంది, అయిపోగానే జవాబు దానంతటదే వెళ్లిపోతుంది. సెకనుకు దాదాపు 41 సార్లు తిరిగే ఒక పల్సార్‌ను (గిర్రున తిరుగుతూ రేడియో తరంగాలు పంపే చచ్చిన నక్షత్రాన్ని) 2010లో ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ ప్రాజెక్టు పట్టుకున్నది ఇలాగే. అరెసిబో అనే పెద్ద రేడియో టెలిస్కోపు డేటాను జల్లెడ పట్టినవి మామూలు జనం కంప్యూటర్లు.

ఈ లెక్కల్ని గ్రాఫిక్స్ కార్డులతోనూ చేయించొచ్చు. రెండు కార్డులు పెట్టాలనుకునేవాళ్లు ముందు అడిగేది, రెండింటినీ బ్రిడ్జితో (కార్డుల్ని కలిపే చిన్న కనెక్టర్‌తో) కలపాలా అని. అక్కర్లేదు. గేముల్లో రెండూ కలిసి ఒకే బొమ్మ గీయాలి కాబట్టి ఆ బ్రిడ్జి. ఇక్కడ దేని ముక్క దానిదే, మోడళ్లు వేరైనా పర్వాలేదు. అయితే బాయింక్ మామూలుగా ఎక్కువ సత్తా ఉన్న కార్డునే వాడుతుంది, రెండోది ఊరికే ఉంటుంది. డేటా ఫోల్డర్‌లోని సీసీ కాన్ఫిగ్ ఫైల్లో 'యూజ్ ఆల్ జీపీయూస్' విలువను 1 చేసి, బాయింక్‌ను పూర్తిగా ఆపి మళ్లీ తెరవాలి. ఒక్కో కార్డుకు ప్రాసెసర్‌లో ఒక కోర్ వదిలిపెడితే మంచిది.

సాఫ్ట్‌వేర్ పని అంతే. మన కర్నూల్లో అసలు పని వేడితో.

మామూలు క్యాబినెట్లో కార్డుల ఫ్యాన్లు కిందికి చూస్తుంటాయి. కాబట్టి పై కార్డు పీల్చేది కింది కార్డు వదిలిన వేడిగాలి. మధ్యలో స్లాట్ (మదర్‌బోర్డు మీద కార్డు గుచ్చే చోటు) ఖాళీ వదలకపోతే పైది ఎప్పుడూ ఎక్కువ కాలుతుంది. మేలో బయట 42 డిగ్రీలుంటే, క్యాబినెట్‌లోకి వెళ్లే గాలే వేడిగా ఉంటుంది. ఫ్యాన్ ఎంత తిరిగినా గది కన్నా చల్లబరచలేదు కదా.

అందుకే నేను గట్టిగా చెప్పేది పవర్ లిమిట్, అంటే కార్డు ఎన్ని వాట్ల దాకా వాడుకోవచ్చనే హద్దు, తగ్గించమని. చిప్ వేగం చివరి అంచుకు చేరేకొద్దీ వోల్టేజీ పెంచాల్సి వస్తుంది. కరెంటు ఖర్చేమో వోల్టేజీ వర్గంతో పాటు పెరుగుతుంది. 200 వాట్ల కార్డును 140కి దించితే వేగం అంతగా పడిపోదు, వేడి మాత్రం బాగా తగ్గుతుంది. ఎన్విడియా కార్డులకైతే డ్రైవర్‌తో పాటే వచ్చే ఎన్విడియా ఎస్‌ఎంఐ కమాండ్‌తో చాలా మోడళ్లలో ఇది కుదురుతుంది.

సిస్టమ్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ దగ్గర పొదుపు చూడొద్దు. స్లాట్ ఇచ్చేది 75 వాట్లే, 8 పిన్నుల కేబుల్ ఇంకో 150 ఇస్తుంది. రెండు కార్డులకూ వేర్వేరు కేబుళ్లు లాగాలి.

ఓవర్‌క్లాక్, అంటే కార్డును కంపెనీ పెట్టిన వేగం కన్నా ఎక్కువగా నడపడం, మాత్రం వద్దు. కాలుతున్న కార్డు ఆగిపోకుండానే తప్పు జవాబు ఇవ్వగలదు. చాలా ప్రాజెక్టులు ఒకే ముక్కను ఇద్దరికి పంపి, రెండూ సరిపోలితేనే తీసుకుంటాయి. మనది తప్పయితే ఆ ముక్క మూడో సిస్టమ్‌కు వెళ్లాలి. మన కరెంటూ వృథా, ఇంకొకరి సమయమూ వృథా. చేసిన పనికి బాయింక్ ఇచ్చే పాయింట్లు పెంచుకోవడానికి వేగం పెంచేవాళ్లు ఇది గుర్తుంచుకుంటే బాగుండు.

కరెంటు లెక్క కూడా చూసుకోవాలి. రెండు 140 వాట్ల కార్డులు, మిగతా సిస్టమ్‌కు 100 వాట్లు అనుకుంటే గంటకు 0.38 యూనిట్లు. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా నడిపితే సుమారు మూడున్నర యూనిట్లు. బాయింక్ సెట్టింగుల్లో ఆ వేళలు పెట్టేస్తే పగలు దానంతటదే ఆగిపోతుంది. వానలు పడి గది చల్లబడ్డాక గంటలు పెంచుకోవచ్చు, ముందు ఫ్యాన్లలో దుమ్ము బ్లోయర్‌తో దులిపి.