మట్టికోట పంచాయితీ: ఓరుగల్లు రెండో ప్రాకారం వెనుక కథ

ఏటా నవంబరు 19 నుంచి 25 దాకా జరిగే ప్రపంచ వారసత్వ వారోత్సవాల్లో ఖిలా వరంగల్‌కు జనం తాకిడి ఎక్కువ. హెరిటేజ్ వాక్ సాధారణంగా మధ్యకోటలో కీర్తి తోరణాల దగ్గర మొదలై, ఖుష్‌మహల్ చూసుకుని, ఏకశిల గుట్ట మీదుగా రాతికోట ద్వారం దాకా వెళ్ళి ఆగిపోతుంది. అక్కడి నుంచి బయటికి నడిస్తే మట్టికోట వస్తుంది. అంత దూరం వెళ్ళే బృందాలు తక్కువ. వెళ్ళినవాళ్ళను స్థానికులు అడిగే మొదటి ప్రశ్న కాకతీయుల గురించి కాదు, "మా ఇల్లు మీద ఇంకో అంతస్తు వేసుకోనిస్తరా లేదా?" అని. ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే 13వ శతాబ్దం నుంచి మొదలుపెట్టక తప్పదు.

కాకతీయులు రాజధానిని హనుమకొండ నుంచి ఓరుగల్లుకు మార్చాక కోట గణపతిదేవుడి కాలంలో (1199–1262) రూపు దిద్దుకుంది. రుద్రమదేవి దాన్ని పూర్తి చేసి బలపరిచింది. నడిబొడ్డున స్వయంభూ శివాలయం, దాని నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు. ఆ చుట్టూ దాదాపు 1.2 కిలోమీటర్ల వ్యాసంతో రాతికోట, 45 బురుజులు, బయట అగడ్త. దాని అవతల దాదాపు 2.4 కిలోమీటర్ల వ్యాసంతో మట్టికోట. ఇంకా బయట హనుమకొండను కూడా కలుపుకుంటూ మరో మట్టి వలయం ఉండేది. ఇప్పుడు అక్కడక్కడ ఆనవాళ్ళే మిగిలాయి.

రాతికోట గోడ దగ్గరికి వెళ్ళి చూస్తే నల్లరాతి దిమ్మెల మధ్య సున్నం కనపడదు. దిమ్మెను చెక్కి, పక్కదానికి ఒరుసుకునేలా కూర్చారు. బయటి ముఖం నిట్టనిలువుగా ఉంటే లోపలి వైపు మట్టికట్ట, దాని మీద మెట్లు. కాపలావాడు ఏ చోటి నుంచైనా గబగబా గోడెక్కేయడానికి ఆ ఏర్పాటు. ద్వారాల్లో దారి తిన్నగా పోదు, లంబకోణంలో మలుపులు తిరుగుతుంది. దూలంతోనో ఏనుగుతోనో తలుపును గుద్దడానికి వేగం అందుకునే జాగా శత్రువుకు దొరకకూడదని. ఇవాళ ఆ మలుపుల్లోంచే ఆటోలు, ట్రాక్టర్లు పోతుంటాయి.

మట్టికోట చూపుకు కట్టలాగే ఉంటుంది. అందుకే చాలామందికి అది కోటగా అనిపించదు. ముట్టడి వేసినవాళ్ళకు మాత్రం బాగా తెలుసు. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫూర్ సేన ముందు పోరాడవలసి వచ్చింది ఈ మట్టిగోడతోనే. ఉక్కు బరిసె దిగనంత గట్టిదని, రాళ్ళు విసిరే యంత్రాల దెబ్బ కూడా దానిమీద పనిచేయలేదని ఆ దండయాత్రను రాసిన అమీర్ ఖుస్రో వర్ణించాడు. ఆస్థాన కవి మాట కాబట్టి కొంత అతిశయం తీసేసుకోవచ్చు. కానీ రాయి పగులుతుంది, దిమ్మిస కొట్టిన మట్టి దెబ్బను మింగుతుంది. అందులో మాత్రం అతిశయం లేదు. ఆ మట్టిగోడ చేజారి, సేన రాతికోట అగడ్త అంచుకు చేరాకే ప్రతాపరుద్రుడు సంధికి ఒప్పుకున్నాడు. 1323లో ఉలుగ్ ఖాన్ చేతిలో కోట పడిపోయింది. తర్వాత ముసునూరి కాపయ నాయకుడు, రేచర్ల వెలమలు, బహమనీలు, 1504 నాటి శాసనం వేయించిన షితాబ్ ఖాన్, కుతుబ్‌షాహీలు. చేతులు మారిన కొద్దీ రాతికోట ద్వారాలకు మరమ్మతులు జరిగాయి, గుళ్ళ రాళ్ళు కూడా వాటిలోకి వెళ్ళాయి. కాలం గడిచిన కొద్దీ మట్టికోట అవసరం తగ్గింది, దాన్ని పట్టించుకునేవాళ్ళూ తగ్గారు. కోటలోపల ఊరు మాత్రం ఖాళీ కాలేదు. తూర్పు కోట, పడమర కోట, మధ్యకోట అని పేర్లు పెట్టుకుని జనం అక్కడే బతికారు, వ్యవసాయం చేసుకున్నారు.

అసలు చిక్కు ఇక్కడే పుట్టింది. ఊరు ముందు, చట్టం తర్వాత.

నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖ పెట్టింది, గులాం యాజ్దానీ దానికి తొలి డైరెక్టర్. హైదరాబాద్ రాష్ట్రం భారత్‌లో కలిశాక ఇక్కడి ముఖ్య కట్టడాలు 1951 చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గలవిగా కేంద్రం కిందికి వెళ్ళాయి. 1958లో ఇప్పటి పురాతన కట్టడాల చట్టం వచ్చింది. అప్పటికి రక్షణంతా కట్టడానికే, చుట్టుపక్కల స్థలం జోలికి పెద్దగా పోలేదు. 1992 జూన్ 16న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ మొదటిసారి గీత గీసింది: రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్లు నిషేధ ప్రాంతం, దాని తర్వాత ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. నిషేధ ప్రాంతంలోనూ కేంద్ర పురావస్తు శాఖ కొన్నాళ్ళు ఒక సలహా కమిటీ పేరుతో అనుమతులు ఇచ్చింది. ఆ అధికారం శాఖకు లేదని 2009లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. దాంతో 2010 జనవరిలో ఆర్డినెన్సు, మార్చిలో సవరణ చట్టం వచ్చాయి. 100 మీటర్ల నిషేధం చట్టంలోకే ఎక్కింది, జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థ ఏర్పడింది. ఉల్లంఘిస్తే రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

వేయిస్తంభాల గుడి లాంటి ఒక్క ఆవరణకు ఈ 100 మీటర్ల లెక్క సులువు. మట్టికోట గుండ్రంగా తిరిగిన గోడ. 2.4 కిలోమీటర్ల వ్యాసమంటే చుట్టుకొలత 7.5 కిలోమీటర్ల పైమాటే. బయటి వైపు మాత్రమే 100 మీటర్లు లెక్కిస్తే సుమారు 190 ఎకరాలు, 300 మీటర్లు లెక్కిస్తే 630 ఎకరాల దగ్గర తేలుతుంది. లోపలి వైపు కూడా అంతే దూరం కొలవాలి. దాని తర్వాత రాతికోట లెక్క వేరే. నగరంలో ఒక పెద్ద ముక్క మొత్తం అనుమతుల కింద పడుతుందన్నమాట.

పైగా ఆ కొలత "రక్షిత హద్దు" నుంచి మొదలవుతుంది. మట్టికట్ట హద్దు ఏది? కట్ట వాలు వానకు జారి పదడుగులు ముందుకొస్తే హద్దు ముందుకొచ్చినట్టా? అడుగున మొరం తవ్వుకుపోతే వెనక్కి పోయినట్టా? కాగితం మీద సర్వే నంబర్లు, నేల మీద కట్ట, మధ్యలో గోడలు లేచిన ఇళ్ళు. నోటీసు వచ్చిన ప్రతిసారీ గొడవ ఇక్కడే పడుతుంది. మా లెక్కలో పండుగలకంటే, కూల్చివేతలకంటే ముందు జరగవలసిన పని రెవెన్యూ, పురావస్తు శాఖలు కలిసి చేసే సర్వే, ప్రతి మలుపు దగ్గరా పాతే హద్దురాయి. రాయి కనపడితే కొనేవాడు కూడా అడిగి కొంటాడు.

చట్టం ఏం కాదంటుందో అందరికీ తెలుసు గానీ, ఏం ఔనంటుందో తక్కువమందికి తెలుసు. నిషేధ ప్రాంతంలో 1992 జూన్ 16కు ముందున్న ఇంటికి మరమ్మతు చేసుకోవచ్చు, అనుమతి తీసుకుని. పడగొట్టి కొత్తగా కట్టడం మరమ్మతు కిందికి రాదు, పై అంతస్తు అసలే రాదు. నియంత్రిత ప్రాంతంలో కొత్త నిర్మాణానికి, పునర్నిర్మాణానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ప్రజల కోసం వేసే మురుగు కాలువలు, మంచినీటి సరఫరా, కరెంటు పనులు చట్టంలోని "నిర్మాణం" నిర్వచనంలోకే రావు. కాబట్టి "కోట ఉంది, అందుకే కాలువ వేయలేదు" అనే మాట ఎవరైనా అంటే ఒకటికి రెండుసార్లు అడగాలి. ప్రభుత్వం చేపట్టే ఇతర నిర్మాణాలకు సడలింపు ఇచ్చే బిల్లును 2018 జనవరిలో లోక్‌సభ ఆమోదించింది గానీ అది చట్టం కాలేదు. పొలాల సంగతి కూడా ఉంది: రక్షిత ప్రాంతంగా ప్రకటించిన చోట అడుగు లోతుకు మించి నేల తవ్వకుండా సాగు చేసుకోవచ్చు. దుక్కికి ఇబ్బంది లేదు, బావికి, బోరుగుంతకు, మొరానికి ఉంది.

దరఖాస్తు కాంపిటెంట్ అథారిటీకి, అంటే ఈ అనుమతులు చూసే అధికారికి వెళ్ళాలి. యాజమాన్య పత్రాలు, స్థలం ప్లాను, అంతస్తు ప్లాను, ఎలివేషన్, ఫొటోలు, కట్టడం నుంచి దూరం చూపే మ్యాపు కావాలి. 15 రోజుల్లో అది జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థకు చేరాలి, రెండు నెలల్లో సిఫార్సు రావాలి, ఆ తర్వాత నెలలోపు తుది జవాబు ఇవ్వాలి. ఎక్కడ దెబ్బతింటుందంటే, 1992కు ముందు ఇల్లు ఉందని రుజువు చేసే దగ్గర. ఇంటి పన్ను రశీదు తాత పేరు మీద ఉంటుంది, ఇంటి నంబరు మధ్యలో మారి ఉంటుంది, కరెంటు మీటరు ఇంకొకరి పేరున. నంబరు మార్పు కాగితం, వారసత్వ పత్రం, పాత రశీదు మూడూ ఒకదానికొకటి అతికితేనే ఫైలు కదులుతుంది. రెండో దెబ్బ మున్సిపాలిటీ ఆన్‌లైన్ అనుమతుల దగ్గర. 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి అనుమతే అక్కర్లేదు, నమోదు చాలు. చిన్న ఇళ్ళకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది. అది మున్సిపల్ చట్టం మాట. పురావస్తు చట్టానికి అది సరిపోదు. చేతిలో కాగితం ఉందన్న ధైర్యంతో స్లాబు వేశాక నోటీసు అందుకునేవాళ్ళు ఇలా చిక్కుకున్నవాళ్ళే.

యునెస్కో సంగతి కూడా దీనితో ముడిపడిందే. 2014లో తాత్కాలిక జాబితాకు ఎక్కిన పేరు "కాకతీయుల ఆలయాలు, తోరణద్వారాలు". అందులో వేయిస్తంభాల గుడి, ఓరుగల్లు కోటలోని స్వయంభూ ఆలయం తోరణాలు, రామప్ప గుడి కలిసే ఉన్నాయి. చివరికి నామినేషన్ వెళ్ళింది ఒక్క రామప్పకే. 2021 జులై 25న గుర్తింపు వచ్చింది. రామప్ప ఉన్న పాలంపేటలో గుడి చుట్టూ బఫర్ జోన్ (రక్షణ వలయం) గీయడం సాధ్యమే, నగరం నడుమ గీయడం కష్టం.  ఈలోగా డబ్బు రాలేదని కాదు. 2015లో మొదలైన కేంద్రం వారసత్వ నగరాల పథకం హృదయ్ కింద ఎంపికైన 12 నగరాల్లో వరంగల్ ఒకటి, 2019 మార్చిలో ఆ పథకం ముగిసింది. 2022 జులైలో కాకతీయ వైభవ సప్తాహం ఏడు రోజులు ఘనంగా జరిగింది. రాష్ట్ర చిహ్నంలో తోరణం ఉండాలా వద్దా అని 2024లో ఊరంతా వాదించుకుంది. అందులో సగం వాదన మట్టికోట హద్దు మీద జరిగి ఉంటే బాగుండేది.

గోడ మాత్రం ఎవరి తీర్పు కోసమూ ఆగడం లేదు. మట్టికట్ట ఎక్కువగా చెడేది పైన పరచుకుని పడే వానతో కాదు, ఒకే చోట ధారగా పడే నీళ్ళతో. ఇంటి చూరు నీళ్ళో, స్నానాల గది పైపో కట్ట వాలు మీదికి వదిలితే మొదటి వానాకాలానికి వేలెడు లోతు చాలు పడుతుంది. రెండు మూడేళ్ళకు మనిషి దిగేంత గండి. అడుగున తవ్వితే పై వాలు నిలువుగా మారి, అంచుకు సమాంతరంగా పగులు వచ్చి, పెళ్ళలుగా విరిగి పడుతుంది. చెట్లు మేలే చేస్తాయనుకుంటారు. పెద్ద తుమ్మ గాలికి పడితే బండెడు మట్టిని వేళ్ళతో ఎత్తుకుపోతుంది. నరికేసిన చెట్టు వేరు కుళ్ళితే లోపల గొట్టంలాంటి దారి మిగిలి నీళ్ళు అందులోకి దిగుతాయి. కట్టకు కావలసింది గరిక.

గండి పూడ్చే పద్ధతి చెరువు కట్ట పనిచేసినవాళ్ళకు కొత్త కాదు. ముందు నీళ్ళు వచ్చే దారి మళ్ళించాలి. గండి అంచులను మెట్లుగా కోయాలి, లేదంటే పాత మట్టి, కొత్త మట్టి అతుక్కోక వాన పడగానే అతుకు దగ్గర విడిపోతాయి. అదే రకం మట్టిని 6 అంగుళాల పొరలుగా వేసి, తడిపి, దిమ్మిస కొట్టాలి. తడి సరిపోయిందో లేదో పిడికిట్లో తెలుస్తుంది: ముద్ద నిలవాలి, వేళ్ళ సందున నీరు రాకూడదు. పైన మట్టితో సహా కోసిన గరిక చెక్కలు పరవాలి. సిమెంటు పోస్తే దాని వెనక మట్టి జారిపోయి కాంక్రీటు పలక గాల్లో వేలాడుతుంది. రాతికోటలోనూ సిమెంటుదే నష్టం. ఆ గోడ వెనక మట్టికట్టలో ఇంకిన నీరు రాళ్ళ సందుల్లోంచి బయటికి పోతుంది. సందులు మూస్తే నీరు లోపల నిలిచి గోడను బయటికి నెడుతుంది, పొట్ట ఉబ్బుతుంది. సందులో మొలిచిన రావి, మర్రి మొక్కను పీకకూడదు, రాయి కదులుతుంది. కాండం కోసి, మోడుకు మందు పెట్టి చంపాలి.

ఇవన్నీ పురావస్తు శాఖే చేయాలి. స్వచ్ఛంద సంస్థలు ఉత్సాహంతో పార పట్టినా అది రక్షిత కట్టడం మీద అనుమతి లేని పనే అవుతుంది. వాళ్ళు చేయగలిగింది, చాలా ఉపయోగపడేది ఒకటుంది: ఫొటో రికార్డు. కట్ట మీద కొన్ని చోట్లు ఎంచుకుని, మేలో ఒకసారి, వానలు తగ్గాక నవంబరులో ఒకసారి, అదే చోట నిలబడి, పక్కన కొలబద్ద పెట్టి, జీపీఎస్ ఆన్ చేసి తీయాలి. డ్రోన్ వద్దు, దానికి వేరే అనుమతి కావాలి. కొత్త గండి, కొత్త గోడ, కొత్త తవ్వకం ఏ నెలలో పుట్టిందో ఆ ఫొటోలు చెబుతాయి. నోటీసు అందుకున్న ఇంటివాళ్ళకు కూడా అవే ఫొటోలు సాక్ష్యం: వాళ్ళ గోడ పాతదైతే పాతదనే తేలుతుంది. వచ్చే వారోత్సవాల్లో హెరిటేజ్ వాక్ నిర్వాహకులు తోరణాల దగ్గర అరగంట తగ్గించుకుని మట్టికోట మీద కొంత దూరం నడిస్తే మొదటి విడత ఫొటోలు ఆ రోజే తయారవుతాయి.