చర్చ లేకుండానే గట్టెక్కే పద్దులు

2018 మార్చి అంటే మన టీవీల్లో ప్రత్యేక హోదా ప్లకార్డులే గుర్తొస్తాయి, ఆ గొడవలోనే లోక్‌సభ కేంద్ర బడ్జెట్‌ను ఆమోదించేసిందని చాలామందికి తెలియదు. టీడీపీ, వైసీపీ ఎంపీలు హోదా కోసం, టీఆర్ఎస్ వాళ్లు రిజర్వేషన్ల కోసం, కాంగ్రెస్ పంజాబ్ నేషనల్ బ్యాంక్ (పీఎన్‌బీ) కుంభకోణం మీద నినాదాలు చేస్తుంటే స్పీకర్ గిలెటిన్ వేశారు. అంటే చర్చకు రాని పద్దులన్నీ, అదే శాఖలవారీగా ప్రభుత్వం ఖర్చుకు అడిగే మొత్తాలన్నీ, ఒకేసారి ఓటుకు పెట్టడం. అన్ని శాఖల పద్దులూ, ఖజానా నుంచి డబ్బు తీయడానికి అనుమతిచ్చే ద్రవ్య వినిమయ బిల్లు, పన్నుల కోసం పెట్టే ఆర్థిక బిల్లుతో సహా, దాదాపు అరగంటలో మూజువాణి ఓటుతో అయిపోయాయి. మనవాళ్ల డిమాండ్ న్యాయమైనదే. కానీ మనకు ఎంత ఇచ్చారో లెక్క అడగాల్సిన చోటు కూడా ఆ పద్దులే కదా!

పద్దుల మీద ఓటేసే ఈ హక్కు ఊరికే రాలేదు. 1860లో బ్రిటిష్ ప్రభుత్వంలో ఆర్థిక వ్యవహారాలు చూసిన జేమ్స్ విల్సన్ తొలి బడ్జెట్ పెట్టినప్పుడు మనవాళ్లను అడిగినవాడు లేడు. 1892 చట్టంతో మాట్లాడే వీలొచ్చింది గానీ ఓటు రాలేదు, అందుకే 1902లో గోఖలే, జనం కష్టాల్లో ఉంటే ఖజానాలో మిగులేంటని ఎంత గట్టిగా నిలదీసినా బడ్జెట్‌లో ఒక్క రూపాయి మారలేదు. 1919 సంస్కరణలతో కొన్ని పద్దుల మీద ఓటొచ్చింది. 1924లో మోతీలాల్ నెహ్రూ నాయకత్వంలో స్వరాజ్య పార్టీ పద్దుల్నీ ఆర్థిక బిల్లునూ తిరస్కరిస్తే, వైస్రాయ్ తన ప్రత్యేకాధికారంతో వాటిని మళ్లీ నిలబెట్టాడు.

రాజ్యాంగం 113వ అధికరణ ఆ లోటు తీర్చింది. లోక్‌సభ పద్దును తిరస్కరించవచ్చు, తగ్గించవచ్చు. పద్దును తగ్గించాలని సభ్యులు పెట్టే కోత తీర్మానాలు అందుకే. పద్దుల్ని తీరిగ్గా చూడటానికి 1993లో ఎంపీలతో శాఖలవారీ స్థాయీ సంఘాలు కూడా వచ్చాయి, అయితే వాటివి సిఫార్సులే. 1967 నుంచి ప్రతిపక్ష సభ్యుడే అధ్యక్షుడిగా ఉంటున్న ప్రజా పద్దుల సంఘం గట్టిగానే పనిచేస్తుంది గానీ, అది ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ నివేదికలు చూసేసరికే డబ్బు ఖర్చైపోయి ఉంటుంది.

అసలు చిక్కు విప్‌తో. కోత తీర్మానం నెగ్గితే ప్రభుత్వం మీద నమ్మకం పోయినట్టే లెక్క, కాబట్టి పార్టీలు ఇలాగే ఓటేయాలని తమ ఎంపీలకు ఆదేశం, అంటే విప్, జారీ చేస్తాయి. 1985లో వచ్చిన ఫిరాయింపుల చట్టంతో విప్‌ను కాదన్న ఎంపీ సీటుకే ముప్పు వచ్చింది. అధికారపక్షంలో కూర్చున్నవాడు తన జిల్లాకు అన్యాయం చేసిన పద్దుకు కూడా సరే అనాల్సిందే. 2023 మార్చిలో సుమారు 45 లక్షల కోట్ల బడ్జెట్ మళ్లీ అలాగే, గొడవల మధ్య చర్చ లేకుండా లోక్‌సభ దాటింది.