చెరువుకు ఊపిరి ఆగేది తెల్లవారుజామునే

చేపలు చచ్చి తేలాయన్న వార్త వచ్చిన ప్రతిసారీ వెంటనే వచ్చే ప్రశ్న: "ఎవరైనా మందు కలిపారా?" కొన్నిసార్లు కలుపుతారు, కాదనలేం. కానీ కొల్లేటి చుట్టుపక్కల చెరువుల మీద కాపలా ఉండేవాళ్లకు ఇంకో సంగతి తెలుసు. చేప తేలేది ఎక్కువగా రాత్రి మూడుకూ తెల్లవారి ఆరుకూ మధ్య, అదీ ముసురు పట్టిన రోజు మర్నాడు. విషమైతే వేళ చూసుకుని రాదు కదా!

లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. 30 డిగ్రీల వేడి ఉన్న లీటరు నీటిలో గాలి నుంచి కరిగి నిలిచేది 7.5 మిల్లీగ్రాములే. నీళ్లు వేడెక్కేకొద్దీ అది ఇంకా తగ్గుతుంది. ఇలా నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌నే చెరువుల మీద డీఓ అంటారు. డీఓ 5 అంటే లీటరుకు 5 మిల్లీగ్రాములు. పగలు ఎండలో నాచు (కంటికి కనపడని పచ్చటి ప్లవకాలు కూడా ఇందులోకే వస్తాయి) ఆక్సిజన్ తయారు చేస్తుంది కాబట్టి మధ్యాహ్నానికి డీఓ 7.5 దాటి 12, 15 దాకా కూడా పోతుంది. పొద్దుగూకాక తయారీ ఆగిపోతుంది, ఆ నాచు ఆక్సిజన్ పీల్చడం మాత్రం ఆగదు.

రాత్రిపూట చింతచెట్టు కింద పడుకుంటే దయ్యం పడుతుందని పెద్దలు, చెట్టు ఆక్సిజన్ పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది కాబట్టి ప్రమాదమని సైన్సు మాస్టార్లు చెబుతుంటారు. రెండూ తప్పే. ఆరుబయట గాలిలో చెట్టు పీల్చేదీ వదిలేదీ లెక్కలోకే రాదు. మాస్టారి వాదన చెట్టు కింద నిలవదు గాని చెరువులో అక్షరాలా నిజం, ఎందుకంటే అక్కడ ఆక్సిజన్ నిల్వ గాలిలో ఉన్నదానిలో ముప్పై ఆరో వంతే.

ఆ నిల్వను లెక్కకడదాం. ఎకరం చెరువు, ఐదడుగుల లోతు. నీళ్లు సుమారు 60 లక్షల లీటర్లు. సాయంత్రం ఆరింటికి డీఓ 8 ఉంటే చెరువు మొత్తంలో 48 కిలోల ఆక్సిజన్ ఉన్నట్టు. ఇక ఖర్చు. రెండు టన్నుల చేపలున్నాయనుకుందాం. కిలో చేప గంటకు 250 మిల్లీగ్రాములు పీల్చినా పన్నెండు గంటలకు అయ్యేది 6 కిలోలే. అడుగున ఉన్న బురదకు 3 కిలోలు. నీళ్లలో తేలే నాచు, బాక్టీరియా కలిసి గంటకు 0.4 చొప్పున డీఓ తగ్గిస్తే, అదొక్కటే 29 కిలోలు! అంటే చెరువులో ఆక్సిజన్ తినేది చేప కాదు, చెరువే. మొత్తం ఖర్చు 38 పోగా తెల్లవారేసరికి మిగిలేది 10 కిలోలు, డీఓ 1.6 చిల్లర. చేపలు నోళ్లు పైకి పెడతాయి, కానీ సూర్యుడు వచ్చి కాపాడతాడు.

ఇప్పుడు ముసురు పట్టిన రోజు తీసుకోండి. ఎండ లేదు కాబట్టి సాయంత్రానికి డీఓ 5 దగ్గరే ఆగింది. నిల్వ 30 కిలోలు, ఖర్చు మాత్రం ఎప్పటిలాగే గంటకు 3 కిలోల పైమాటే. తొమ్మిదిన్నర గంటల్లో ఖాళీ. ఆరుకు తొమ్మిదిన్నర కలిపితే తెల్లవారుజాము మూడున్నర! గాలి నుంచి కొంత కరుగుతుంది గానీ, ఆకు కదలని రాత్రి అది ఎక్కువ ఉండదు.

విషానికీ దీనికీ తేడా ఒడ్డునే తెలుస్తుంది. ఆక్సిజన్ అయిపోతే సాధారణంగా పెద్ద చేపలు ముందు పోతాయి, పిల్లలు బతుకుతాయి, గాలి పీల్చగల కొరమీను నిక్షేపంగా ఉంటుంది. పురుగుమందైతే చిన్న చేపలు, నీటి పురుగులు ముందు పోతాయి, ఏ వేళైనా పోతాయి.

కొలవాలంటే 1888లో హంగరీ రసాయనవేత్త లాయోష్ వింక్లర్ చెప్పిన పద్ధతి ఇప్పటికీ నమ్మకమైనదే. 300 మి.లీ. గాజు సీసాను నీళ్లలో ముంచి, ఒక్క బుడగ కూడా చిక్కకుండా నింపాలి. పిపెట్ కొన నీటిలో ముంచి 1 మి.లీ. మాంగనస్ సల్ఫేటు, 1 మి.లీ. క్షార అయొడైడ్-అజైడ్ ద్రావణం వేసి, మూతపెట్టి, తలకిందులు చేస్తూ కలపాలి. గోధుమరంగు మడ్డి వస్తే ఆక్సిజన్ ఉంది. తెల్లగానే ఉండిపోతే లేదు. మడ్డి దిగాక 1 మి.లీ. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే మడ్డి కరిగి అయొడిన్ పసుపు తేలుతుంది. అందులోంచి 200 మి.లీ. తీసుకుని 0.025 నార్మల్ సోడియం థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేయాలి, అంటే చుక్కచుక్కగా కలుపుతూ ఎంత పట్టిందో కొలవాలి. పసుపు లేతబడ్డాకే గంజి ద్రావణం వేయాలి, అప్పుడు నీలం రంగు వస్తుంది. ముందే వేస్తే నీలం మొండికేస్తుంది. నీలం పోయేదాకా పట్టిన ప్రతి మిల్లీలీటరుకూ డీఓ ఒకటి.

సాయంత్రం ఆరింటికి ఒకసారి, తొమ్మిదింటికి ఒకసారి కొలిస్తే చాలు. 8 నుంచి 6.4కు దిగితే గంటకు 0.53 పోతున్నట్టు. అదే గీతను ఉదయం ఆరుదాకా సాగదీసి, ఎన్ని గంటలకు 3 కిందికి దిగుతుందో చూసి, దానికి గంట ముందే ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) వేయాలి. చెరువులో తిప్పిన ఒక హార్స్‌పవర్ చక్రాల ఏరేటరు ఇచ్చేది గంటకు సుమారు ఒక కిలో. చేప తేలాక ఒక్క ఏరేటరు వేసి ప్రయోజనం ఎంతో మీరే చూసుకోండి. ముసురు రోజు మేత ఆపేయాలి; తిన్న చేప ఎక్కువ పీలుస్తుంది, మిగిలిన తవుడు కుళ్లి ఇంకా ఎక్కువ పీలుస్తుంది.

ఆక్సిజన్ బిళ్లలు? వాటిలో ఉండేది సోడియం పెర్కార్బొనేట్. కిలోకు విడుదలయ్యేది సుమారు 130 గ్రాములు. మన ఎకరం చెరువులో డీఓ ఒక్కటి పెరగాలంటే 6 కిలోల ఆక్సిజన్ కావాలి, అంటే సుమారు 46 కిలోల బిళ్లలు. అందరూ చల్లేది ఒకటో రెండో కిలోలు!

పచ్చదనం ఎక్కువైందని నాచును చంపడానికి మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) చల్లేవాళ్లది ఇంకో తప్పు. చచ్చిన నాచు ఆక్సిజన్ ఇవ్వదు, కుళ్లుతూ తీసుకుంటుంది. ప్రమాదం రెండు మూడు రోజులకు జరుగుతుంది కాబట్టి తుత్తం మీద అనుమానం రాదు.

మురుగు కలిసే నగర చెరువులదీ ఇదే లెక్క. మురుగులో ఫాస్ఫరస్, నత్రజని నాచుకు ఎరువు. అక్కడ నమూనా తీసేది మాత్రం పగలు, ఉద్యోగ వేళల్లో. మధ్యాహ్నం రెండింటికి డీఓ 11 వస్తే "నీళ్లు భేష్" అని రాసుకుంటారు. 30 డిగ్రీల నీటికి 11 అంటే పట్టాల్సిన దానికి ఒకటిన్నర రెట్లు. అంత నాచు పెరిగిన చెరువులో ఆ సీసాను మళ్లీ తెల్లవారుజాము ఐదింటికి నింపి చూడాలి.